పొదకప్పయు మన పాఠమును

గత వర్షకాలమున ఒక మధ్యాహ్నము దబీర్‌పురా దర్వాజా మీద నల్లని మబ్బు క్రమ్మి, మన తరగతి గదులలో పగటివేళనే దీపములు వెలిగింపవలసి వచ్చెను. ఆ దినమున ఏడవ తరగతి బాలబాలికలకు కప్పయొక్క జీవితచరిత్రను బోధించుచుంటిమి. నల్లబల్లపై వరుసగా నాలుగు బొమ్మలు వ్రాసితిమి: గ్రుడ్డు, తోకకప్ప, కాళ్ళు మొలచిన తోకకప్ప, కప్ప. "కప్ప నీటిలో గ్రుడ్లు పెట్టును; గ్రుడ్డునుండి తోకకప్ప పుట్టును; తోకకప్పయే మాఱి కప్ప యగును; ఈ క్రమము ఎన్నడును తప్పదు" అని చెప్పి, ఆ వాక్యమును పిల్లలచేత మూడుమార్లు వల్లె వేయించితిమి. అప్పుడు కడపటి బల్లపై కూర్చున్న యొక బాలిక లేచి, "సార్, తోకకప్ప కాకుండ నేరుగా కప్పే పుట్టదా? తిరుపతి కొండల మీద అట్లాంటి కప్ప ఉన్నదని మా అన్న పేపరులో చదివినాడు" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. మేమును నవ్వితిమి. "అట్లు జరుగదమ్మా, కూర్చో" అంటిమి.

ఆ బాలిక చెప్పినది నిజము. మేము చెప్పినది తప్పు.

ఆ సాయంకాలము పుస్తకములు తిరుగవేసిన పిమ్మట గాని మా తప్పు మాకు దెలియలేదు. మఱునాడు తరగతిలో ప్రవేశించినతోడనే ఆ బాలికను పిలిచి, "అమ్మా, నిన్న నీవు చెప్పినదే సరి" అని యందఱి యెదుటను ఒప్పుకొంటిమి. ఆమె సంతోషించెను. అయినను ఆ మొదటి దినపు నవ్వు మా మనస్సును విడువలేదు. ఒక ప్రశ్నను నవ్వి త్రోసివేయుట యెంత సులభము! ఆ నవ్వుతో ఆ పిల్ల మఱి యెన్నడును ప్రశ్న యడుగకుండ మానివేసి యుండినచో ఆ నష్టమునకు ఉత్తరవాదులు ఎవరు? ఈ చిన్న వ్యాసము ఆ తప్పునకు మేము చెల్లించుకొను జరిమానా యని చదువరులు తలంతురు గాక.

పొదకప్ప యనగా మనము చెఱువుగట్టున చూచు కప్ప గాదు. పెరిగిన పొదకప్ప సామాన్యముగా ఒక అంగుళమునకు అటునిటుగా నుండును. అనగా మన బొటనవ్రేలి కొనమీద సుఖముగా కూర్చుండగలదు. దాని వ్రేళ్ళ చివరలు చిన్న చిన్న బిళ్ళలవలె వెడల్పుగా నుండును. ఆ బిళ్ళల సాయమున అది తడిసిన ఆకులను, కొమ్మలను పట్టుకొని జారక ప్రాకును. పగలు ఆకుల చాటునను బెరడు సందులలోను దాగి, రాత్రి వాన వెలసిన పిమ్మట పొదలమీదికెక్కును. మగకప్ప గొంతుక్రింది తిత్తిని బుడగవలె ఉబ్బించి కూయును. ఆ కూత కీచురాయి సవ్వడియో, ఎవరైన గోటితో పలకపై కొట్టిన చప్పుడో అనిపించును గాని కప్ప కూత యని క్రొత్తవారికి తోచదు. కావుననే కొండదారులలో నడచు వేలమంది దానిని వినియు, విన్నట్లు ఎఱుగరు.

దీని యందలి విశేష మేమనగా, ఇది గ్రుడ్లు పెట్టుటకు నీటికుంటను వెదకదు. మన యూరి పసుపుపచ్చని పెద్ద కప్ప వాననీరు నిలిచిన పల్లములలో వేలకొలది గ్రుడ్లు పెట్టి పోవును. పొదకప్ప పెట్టు గ్రుడ్లు కొలదిగనే, పదులలోనే యుండును. వానిని తడి యాకులక్రింద, మట్టిలోని చిన్న గుంటలో, లేదా ఆకు అడుగు భాగమున ఉంచును. శ్రీలంకలోని అనేక జాతులలో ఆడకప్ప తానే తడిమట్టిలో చిన్న గుంట త్రవ్వి, గ్రుడ్లు పెట్టి, వానిని మట్టితో కలిపి కప్పివేయును. పడమటి కనుమలలోని యొక జాతియందు మగకప్ప వెదురు కణుపునకు గల సన్నని రంధ్రమునుండి లోపలికి దూఱి, అచ్చటనే గ్రుడ్లకు కావలి కాయును. గ్రుడ్డులోనే తోక వచ్చును, గ్రుడ్డులోనే తోక కరగిపోవును, గ్రుడ్డులోనే కాళ్ళు వచ్చును. కొన్ని వారముల తరువాత ఆ పారదర్శకమైన గోళమునుండి బయటికి వచ్చునది తోకకప్ప గాదు. ఆవగింజకంటె కొంచెము పెద్దదియైన సంపూర్ణమగు కప్ప. మేము నల్లబల్లపై వ్రాసిన నాలుగు బొమ్మలలో నడిమి రెండింటిని పొదకప్ప గ్రుడ్డు లోపలనే ముగించుకొనును.

ఇందువలన దానికొక స్వాతంత్ర్యమును, ఒక బంధమును కలిగినవి. నీటికుంట అక్కఱలేనందున, చెఱువులు లేని కొండకొమ్ములను సయితము అది తన నివాసముగా జేసికొనగలిగెను. ఇది స్వాతంత్ర్యము. అయితే ఆ గ్రుడ్లకు పెంకు లేదు. చుట్టు నున్న ఆకులు, మట్టి ఎండిపోయినచో అవియు నెండిపోవును. పెద్దకప్పయు తన చర్మముతోనే కొంత ఊపిరి పీల్చుకొనును గనుక దానికిని తడి యెల్లప్పుడును కావలయును. నీటిని విడిచినది గాని తడిని విడువలేదు. ఇది బంధము. కొండమీది చెట్లనీడ తొలగినను, నేలమీది ఆకులు కాలిపోయినను, ఆ ప్రాణికి వేఱు దిక్కు లేదు.

ఇట్టి పొదకప్పల కుటుంబములో మన దేశమున ముఖ్యముగా రెండు తెగలు కలవు. ఒకటి రావోర్కెస్టిస్, రెండవది సూడోఫిలాటస్. మొదటి తెగకు 2010లో ఆ పేరు పెట్టబడినది. బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో జీవశాస్త్రాచార్యులుగా నుండిన సి. ఆర్. నారాయణరావుగారి పేరును, నర్తకుడను అర్థముగల గ్రీకు పదమును చేర్చి పండితులు ఆ పేరును కూర్చిరి. నారాయణరావుగారు (1882–1960) కప్పలను గుఱించి 1937లో గొప్ప పరిశోధనా వ్యాసమును వెలువరించిరి. 1932లో ఆరంభమైన "కరెంటు సైన్సు" పత్రికకు ప్రథమ సంపాదకులును వారే. ఆ కాలమున కప్పల వెంట పడు నాచార్యుని చూచి నవ్వినవారు లేకపోలేదు గదా! నవ్వినవారి పేర్లు నేడు ఎవరికి దెలియును? రావుగారి పేరు మాత్రము డెబ్బదికి పైబడిన జాతులతో ప్రతి వర్షకాలమున కొండలమీద గంతులు వేయుచున్నది.

ఇంతవఱకు చెప్పినది పడమటి కనుమలకే చెల్లునని మేమును చాలకాలము తలంచితిమి. మన తూర్పు కనుమలు వరుసయైన గోడవలె గాక, నదులచే తెగి, తునుకలు తునుకలుగా నున్నవి. వాన తక్కువ, ఎండ యెక్కువ. కావున పరిశోధకులు సయితము చిరకాలము పడమటి కొండలకే పరుగెత్తిరి. అయినను 1997లో ఇంద్రనీల్ దాస్, ఎస్. కె. చందా అను పండితులు నర్మదానది పుట్టిన అమరకంటకమునందలి పవిత్రవనమునుండి ఒక పొదకప్పను వర్ణించి, ఆ వనము పేరుమీదుగనే దానికి లాటిన్ నామము నుంచిరి. మఱుసటి సంవత్సరమే మన తూర్పు కనుమలనుండియు నొక పొదకప్పను లోకమునకు దెలిపిరి. 2024–25 సంవత్సరములలో భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ పండితులు శేషాచలపు కొండలలో సూడోఫిలాటస్ రీజియస్ అను పొదకప్ప కలదని ప్రకటించిరి. మన బాలిక అన్న చదివిన వార్త ఇదియే. ఈ జాతి 2005లో శ్రీలంకనుండి మొదట వర్ణింపబడినది. అంతవఱకు ఆ ద్వీపమునకే పరిమితమని తలంపబడెను. చిత్తూరు జిల్లాలో పలమనేరు ప్రాంతమున 1829లో వర్ణింపబడిన మఱియొక సింహళపు కప్ప, బంగారు వీపుగలది, ఆ దినములలోనే గుర్తింపబడెను.

సముద్రమునకు ఆవల నుండు కప్ప శేషాచలమునకు ఎట్లు వచ్చెను? అంగుళమంత ప్రాణి ఉప్పునీటిలో నీదజాలదు. దీనికి సమాధానము భూమిచరిత్రలో నున్నది. మంచుయుగములలో సముద్రజలము గొప్ప మంచురాసులుగా గడ్డకట్టి, సముద్రమట్టము నేటికంటె నూఱు మీటరులకు పైగా దిగిపోయెను. శ్రీలంకకును మనకును నడుమనున్న సముద్రము మిక్కిలి లోతు లేనిది గనుక, ఆ కాలమున అది ఎండి నేలయై, రెండు దేశములును ఒక్కటిగా నుండెను. ఆ నేలమీదుగా ప్రాణులు అటునుండి యిటును, ఇటునుండి యటును నడచినవి. మన దేశమున నున్న సూడోఫిలాటస్ తెగ శ్రీలంకలో వృద్ధిపొంది తిరిగి యిటు వచ్చినదేయని జన్యుపరీక్షలు చెప్పుచున్నవి.

ఇందుకు శేషాచలమునందే మఱియొక సాక్షి కలదు. తిరుపతి కొండల బంగారుబల్లిని 1870లో బెడ్డోమను అటవీశాఖాధికారి వర్ణించెను. ఆ తెగలో ప్రపంచమున రెండే జాతులు కలవు: ఒకటి మన తూర్పు కనుమలలో, రెండవది శ్రీలంకలో. బల్లియు కప్పయు వేఱువేఱుగా వచ్చి ఒకే సాక్ష్యమును చెప్పుచున్నపుడు, న్యాయస్థానమందైనను ఆ సాక్ష్యమును త్రోసివేయరు. తాళపత్రములును శాసనములును మనకు రెండువేల యేండ్ల చరిత్రను జెప్పును. ఈ పొదకప్ప వేలయేండ్లకు పూర్వము సముద్రము లేని కాలపు చరిత్రను తన రక్తములో వ్రాసికొని తిరుగుచున్నది. దానిని చంపుట చదువకముందే గ్రంథమును తగులబెట్టుటవంటిది.

మేమీ సంగతులను తరగతిలో చెప్పిన కొన్నాళ్ళకు ఒక విద్యార్థి తండ్రిగారు మావద్దకు వచ్చిరి. మర్యాదస్థులు, పిల్లవాని చదువునకై కష్టపడువారు. "మాస్టరుగారూ, మీరు కప్పల సంగతి మూడు దినములు చెప్పినారట. మావాడు ఇంటికి వచ్చి అదే మాట. ఇది పరీక్షలో వచ్చునా?" అని యడిగిరి. రాదని చెప్పితిమి. "రానిదానికి అంత కాలమేల?" అనిరి. ఆ ప్రశ్న మాకు కోపము కలిగింపలేదు. పాత నగరమున చిన్న దుకాణముమీద బ్రదుకుచు కుమారుని పెద్ద చదువు చదివింపగోరు తండ్రికి ఆ ప్రశ్న యడుగు హక్కు సంపూర్ణముగా కలదు. ఆయనకు అప్పుడు సరియైన యుత్తరము మేము చెప్పలేకపోతిమి. ఇపుడు చెప్ప బ్రయత్నించెదము.

మొదటిది. పరీక్ష కొఱకు మేము చెప్పిన వాక్యము తప్పు. "ఈ క్రమము ఎన్నడును తప్పదు" అని వ్రాసిన పిల్లవానికి మార్కులు వచ్చును గాని సత్యము రాదు. అధికముగా కనబడుదానిని చూచి "ఎల్లప్పుడును" అనియు, కనబడనిదానిని "లేదు" అనియు చెప్పుట శాస్త్రము గాదు. ఈ భేదమును ఎఱిగిన బాలుడు రేపు వైద్యుడైనను, న్యాయవాదియైనను, వర్తకుడైనను తొందరపడి తీర్పు చెప్పడు. ఒక చిన్న పొదకప్ప యీ గుణమును నేర్పగలిగినచో మూడు దినములు ఎక్కువ గాదు.

రెండవది. ఈ విద్య దూరదేశములది గాదు. జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థవారి మంచినీటి జీవశాస్త్ర కేంద్రము మన హైదరాబాదులోనే, అత్తాపూరునందున్నది. అంతరించు ప్రాణుల రక్షణకై జన్యుపరీక్షలు చేయు ప్రయోగశాలయు ఆ ప్రాంతముననే యున్నది. దబీర్‌పురానుండి అచ్చటికి కొన్ని మైళ్ళే. మన బాలబాలికలు ఆ వాకిలిముందు బస్సులో పోవుచుందురు. లోపల నేమి జరుగునో ఎఱుగరు. ఇట్టి పనికి తామును తగుదుమని వారికి ఎవరును చెప్పలేదు. ఆ ప్రశ్న యడిగిన బాలిక రేపు ఆ వాకిలిలో ఉద్యోగినిగా ప్రవేశింపరాదా?

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. తెలియనిదానిని ఎవరును కాపాడరు. శ్రీలంకలో పొదకప్పల జాతులు డెబ్బదికి మించి కలవు. అందు పదునైదింటికి పైగా అంతరించినవని పండితులు నిర్ణయించిరి. వానిలో కొన్నిటికి 2005లోను, ఆ తరువాతను గాని పేరు పెట్టబడలేదు. పేరు పెట్టినవారు వానిని అడవిలో చూడలేదు. పూర్వమెప్పుడో పట్టి, సీసాలలో సారాయమందు భద్రపఱచిన కళేబరములను చూచి పేరుపెట్టిరి. అనగా నామకరణమును, మరణవార్తయు ఒకే దినమున వచ్చినవి. ఇంతకంటె దుఃఖకరమైన సంగతి శాస్త్రములో మఱియొకటి కలదా? అయితే యాశయు లేకపోలేదు. 1853లో వర్ణింపబడి, అంతరించినదని అందఱును తీర్మానించిన ఆ ద్వీపపు చుక్కల పొదకప్ప 2009లో కొండ యడవిలో సజీవముగా దొరకినది. వెదకినవారుండిరి గనుక దొరకినది.

ఇట్టి యుదాహరణము మన తెలుగునాటనే యున్నది. కలివికోడి యను పక్షిని 1848లో శాస్త్రజ్ఞులు వర్ణించిరి. 1900 తరువాత అది ఎవరికిని కనబడలేదు, అంతరించినదని తలంచిరి. 1986లో కడప జిల్లాలో ఒక స్థానిక వేటగాని సాయమున అది మరల దొరకెను. పండితులు పోయినదన్న పక్షి పల్లెవారి నోట "కలివికోడి" యను పేరుతో బ్రదికియే యుండెను. ఆ పేరే లేకున్నచో వెదకువారు ఎవరిని ఏమని యడిగియుందురు? అటుపిమ్మట లంకమల యడవి దానికొఱకు అభయారణ్యమైనది. పేరు, చూపు, రక్షణ — ఈ మూడును ఈ క్రమమున నడచును.

మన పొదకప్పకు తెలుగున జనవ్యవహారమందు ప్రత్యేకమైన పేరు వినబడదు. చెఱువులో నున్నను, చెట్టుమీద నున్నను అంతయు కప్పయే. మన పాఠశాలలో ఉరుదూ మాటలాడు పిల్లలకు అంతయు మేండకే. మేము ఈ వ్యాసమందు "పొదకప్ప" యని వ్రాయుచున్నాము. ఇంతకంటె మంచి పేరు కొండలలో నివసించు జనులనోట నున్నచో దానినే గ్రహింతుము గాక. లాటిన్ నామము పండితులకు చాలును. పిల్లలకు తల్లినోటి పేరు కావలయును.

కొందఱు, "శేషాచలమున కప్పకు వచ్చిన భయమేమి? అది రక్షితారణ్యము గదా" యందురు. నిజమే, 2010లో శేషాచలము జీవావరణ రక్షితప్రాంతముగా ప్రకటింపబడినది. ఎఱ్ఱచందనపు చెట్లు సహజముగా పెరుగు ప్రదేశములలో అది ముఖ్యమైనది. ఆ చెట్లకై కావలియు కలదు. అయితే 2014 మార్చి నెలలో ఆ యడవులు తగులుకొనినపుడు మంటల నార్పుటకు వాయుసేనవారి హెలికాప్టరులు నీటితో రావలసి వచ్చెను. అట్టి మంట పెద్ద చెట్టును కొన్నిమార్లు విడిచిపోవును. నేలమీది యెండుటాకులను విడువదు. ఆ యాకులక్రిందనే మన ప్రాణి వేసవిని గడపుచుండును. చెట్టు నిలిచినది గావున అడవి నిలిచినదని దూరమునుండి చూచువారు సంతోషింతురు. పొదకప్పకు అడవి యనగా చెట్టు మాత్రమే గాదు. చెట్టుక్రింది జానెడు తడి.

ఇంకొక సంగతి. కొండకప్పలలో అనేక జాతులకు నివాసము మిక్కిలి స్వల్పము. పడమటి కనుమలలో ఆనముడి శిఖరము ఎత్తు 2,695 మీటరులు. ఆ శిఖరప్రాంతమున మూడు చదరపు కిలోమీటరులకు మించని చోటున ఎఱ్ఱని పొదకప్ప జాతి యొకటి కలదు; 2010లో వర్ణింపబడినది. లోయలలోని వేడిమి ఆ ప్రాణికి సముద్రమువలె దాటరానిది. శిఖరమే దాని ద్వీపము. వాతావరణము వేడెక్కిన కొలదిని క్రిందివారు పైకెక్కుదురు. పైనున్నవారు ఎచటికి ఎక్కుదురు? 2023లో వెలువడిన ప్రపంచవ్యాప్తమైన లెక్కప్రకారము కప్పలు మొదలగు ఉభయచరములలో నూటికి నలుబది జాతులకు పైగా అంతరించు నపాయమున నున్నవి.

దబీర్‌పురాలో కొండ లేదు, పొదకప్పయు లేదు. మనము చేయగలిగిన దేమున్నదని చదువరులు అడుగవచ్చును. మన వీథులలోను కప్పలు కలవు. వాన కురిసిన రాత్రి రైలుదారి ప్రక్క పల్లములలో అవి కూయుచునే యుండును. వానిపై రాళ్ళు రువ్వు పిల్లలును కలరు. వారిలో కొందఱు మన విద్యార్థులేయని సిగ్గుతో ఒప్పుకొనవలసియున్నది. మన పల్లెలలో వానలు రానపుడు పిల్లలు కప్పతల్లి యాట యాడుదురు. రోకలికి వేపమండలు చుట్టి, కప్పను గట్టి, ఇంటింటికిని త్రిప్పగా ఇల్లాండ్రు దానిపై నీళ్ళు పోయుదురు. కప్పను కట్టుట మాకు సమ్మతము గాదు. కాని ఆ యాటలోని యెఱుకను మేము గౌరవింతుము. కప్పకును వానకును, వానకును అన్నమునకును సంబంధము గలదని మన పూర్వులు ఎఱుగుదురు. వారు దానిని తల్లి యనిరి. మన పిల్లలు దానిని రాతితో కొట్టుచున్నారు. విద్య పెరిగినదా, తగ్గినదా?

కావున మేము మూడు సూచనలను సవినయముగా చేయుచున్నాము.

ఉపాధ్యాయులకు: కప్ప పాఠమును చెప్పునపుడు నాలుగు బొమ్మల ప్రక్కన రెండు బొమ్మల వరుసను గూడ వ్రాయుడు. గ్రుడ్డు, కప్ప. "సామాన్యముగా ఇట్లు, కొన్నిట అట్లు" అని చెప్పుడు. ఒక్క నిమిషము పట్టును.

విద్యార్థులకు: మన పాఠశాలలో రాబోవు వర్షకాలమునుండి వానపుస్తకము ఒకటి ఉంచుదము. మొదటి వాన ఏ తేదీని కురిసెను, మొదటి కప్పకూత ఏ రాత్రి వినబడెను, ఏ వీథిలో వినబడెను, ఎన్ని రకముల కూతలు వినబడెను అని వ్రాయుడు. ఉరుదూలో వ్రాసినను, తెలుగున వ్రాసినను సరియే. పట్టవలదు, కొట్టవలదు, చెవియు కన్నును చాలును. పది సంవత్సరములు అట్లు వ్రాసినచో ఆ పుస్తకము అత్తాపూరు పండితులకును పనికివచ్చును. శాస్త్రము గొప్ప యంత్రములతోనే యారంభము గాదు. తేదీ వేసి నిజము వ్రాయుటతో ఆరంభమగును.

తలిదండ్రులకు: సెలవులలో శేషాచలమునకుగాని, నల్లమలకుగాని, అరకు కొండలకుగాని పోవునపుడు పిల్లలను ఒక రాత్రి వాన వెలసిన పిమ్మట పది నిమిషములు దారి ప్రక్కన నిశ్శబ్దముగా నిలువనిండు. ప్లాస్టిక్ సంచిని, ఆఱని చుట్టముక్కను అడవిలో విడువకుడు. పిల్లవాడు ప్రశ్న యడిగినపుడు, "పరీక్షలో వచ్చునా?" యని మీరు అడుగకముందు, "నీవు ఎచట చూచితివి?" అని యడుగుడు.

మావద్దకు వచ్చిన ఆ తండ్రిగారికి మేమీ సంచికను స్వయముగా నందింపదలచినాము. ఆయన సమ్మతింపవచ్చును, సమ్మతింపకపోవచ్చును. వారి కుమారుడు మాత్రము మొన్నటి వానరాత్రి తమ యింటి వెనుక రెండు రకముల కూతలు వింటినని తేదీతో సహా వ్రాసి తెచ్చియిచ్చినాడు. ఆ బాలిక ఇప్పుడు మొదటి బల్లపై కూర్చుండుచున్నది. వారమునకొక ప్రశ్నయైనను అడుగుచున్నది. వానిలో కొన్నిటికి మాకు సమాధానము దెలియదు. అట్టివేళ, "రేపు చూచి చెప్పెదము" అనుచున్నాము. నవ్వుట మానితిమి.